కొండ, మబ్బు, మంచు: చిన్న విమానానికి దారులు ఎలా మూసుకుపోతాయి

నేపాల్‌లో పోఖరా నుంచి జోమ్‌సోమ్‌కు విమానంలో ఇరవై నిమిషాల ప్రయాణం. 2022 మే 29 ఉదయం 22 మందితో ఆ దారిన బయల్దేరిన తారా ఎయిర్ సంస్థ చిన్న విమానం ట్విన్ ఆటర్ ముస్తాంగ్ జిల్లాలో దాదాపు 14,500 అడుగుల ఎత్తున కొండను ఢీకొంది. ఒక్కరూ బతకలేదు. 2016 ఫిబ్రవరి 24న కూడా అదే దారిలో, అదే సంస్థకు చెందిన ట్విన్ ఆటరే కూలి 23 మంది పోయారు. నేలను చూసుకుంటూ నడపాల్సిన విమానాన్ని పదే పదే మబ్బులోకి తీసుకెళ్లారని 2016 ప్రమాదంపై విచారణ తేల్చింది. 2012 మే 14న జోమ్‌సోమ్ దగ్గరే ఒక డోర్నియర్ 228 కూలింది. అందులో ఉన్న 21 మందిలో 15 మంది మరణించారు.

ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా ‘వాతావరణం అనుకూలించక’ అనే మాటతో విషయం ముగిసిపోతుంది. ఆ మాటతో అర్థమయ్యేది ఏమీ లేదు. మైదానం మీద ఎగిరే విమానానికి ఇబ్బంది వస్తే మూడు దారులుంటాయి: కిందికి దిగొచ్చు, పైకి పోవచ్చు, వెనక్కి తిరగొచ్చు. కొండల్లో ఈ మూడూ ఒకదాని వెంట ఒకటి మూసుకుపోతాయి. రెక్కకు మంచు పడితే వెచ్చటి గాలిలోకి దిగాలి, కానీ కింద కొండ ఉంది. మబ్బు అడ్డొస్తే పైకెక్కాలి, కానీ ఇంజన్‌కు అంత బలం మిగల్లేదు. వెనక్కి తిరుగుదామంటే లోయ ఇరుకు. ఒక ఆపద నుంచి బయటపడే మార్గాన్ని రెండో ఆపద ముందే కాజేసి ఉంటుంది. కొండల్లో విమానం నడపడంలోని కష్టమంతా ఇదే.

పోఖరా–జోమ్‌సోమ్ దారినే చూడండి. పోఖరా ఎత్తు 2,700 అడుగులు. ఘోరేపానీ దగ్గర గట్టు దాటి కాళీగండకి లోయలోకి దిగాలి. ఒక పక్క 8,167 మీటర్ల ధవళగిరి, ఇంకో పక్క 8,091 మీటర్ల అన్నపూర్ణ. అడుగుల్లో చెబితే రెండూ 26,500 దాటినవే. ట్విన్ ఆటర్ ఎక్కగల గరిష్ఠ ఎత్తు 25,000 అడుగులు, పైగా లోపల గాలి ఒత్తిడిని నిలిపే ఏర్పాటు దానికి లేదు. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం 10,000 నుంచి 13,000 అడుగుల మధ్య అరగంట దాటి ఎగిరితే పైలట్లు ఆక్సిజన్ తీసుకోవాలి. 13,000 దాటితే ఎప్పుడూ తీసుకోవాల్సిందే. కాబట్టి ఆ శిఖరాల మీదుగా పోవడమన్న మాట లేదు, వాటి మధ్య నుంచే పోవాలి. మధ్యలో మబ్బు ఉంటే పోకూడదు.

పలచటి గాలి ఏం చేస్తుంది

ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడుతుంది. ఎండ కాసినా అంతే. ఆ ఎత్తులో ప్రామాణికంగా ఉండాల్సిన వేడి కంటే ఒక్కో డిగ్రీ పెరిగితే విమానానికి మరో 120 అడుగులు పైన ఉన్నట్టే. జోమ్‌సోమ్ రన్‌వే సుమారు 9,000 అడుగుల ఎత్తున ఉంది. అక్కడ ప్రామాణిక ఉష్ణోగ్రత సున్నాకు 3 డిగ్రీలు తక్కువ. పగలు 17 డిగ్రీలుంటే తేడా 20 డిగ్రీలు, అంటే విమానం లెక్కలో అది 11,400 అడుగుల ఎత్తు.

శిక్షణకు ఎక్కువగా వాడే సెస్నా 172ఎస్ సముద్రమట్టం దగ్గర నిమిషానికి 730 అడుగులు ఎక్కుతుంది. 10,000 అడుగుల గాలిలో అది 300 లోపుకు పడిపోతుంది. 14,000 దగ్గర దాని పని అయిపోతుంది. ఈ అంకెలు కొత్త ఇంజన్, శుభ్రమైన రెక్క, నిలకడైన గాలి ఉన్నప్పటివి.

ఇక మలుపు. మీటరు 80 నాట్ల (గంటకు దాదాపు 148 కి.మీ.) వేగం చూపిస్తుండగా విమానాన్ని 30 డిగ్రీలు పక్కకు వంచి వెనక్కి తిరిగితే సముద్రమట్టం దగ్గర 600 మీటర్ల వెడల్పు కావాలి. 10,000 అడుగుల ఎత్తులో మీటరు అదే 80 చూపిస్తున్నా అసలు వేగం 93 నాట్ల దాకా ఉంటుంది. మలుపు వెడల్పు వేగం వర్గంతో పాటు పెరుగుతుంది కాబట్టి ఇప్పుడు 800 మీటర్లు పైనే కావాలి. తగ్గించాలంటే మరింత వంచాలి. 45 డిగ్రీలు వంచితే 470 మీటర్లలో తిరగొచ్చు, కానీ స్టాల్ అయ్యే వేగం, అంటే రెక్క పైకి మోసే పట్టు కోల్పోయే వేగం, 19 శాతం పెరుగుతుంది. 60 డిగ్రీలకు 41 శాతం. ఇరుకు లోయలో కంగారుపడి విమానాన్ని బాగా వంచి, ముక్కు పైకి లాగి, స్టాల్‌లోకి జారి కూలిన పైలట్లు చాలామంది.

అందుకే అనుభవజ్ఞులు లోయ నడిమధ్యన ఎగరరు. ఒక పక్కకు, గాలి వెళ్లి కొండను తాకి పైకి లేచే పక్కకు, జరిగి ఎగురుతారు. ఆ గాలి విమానాన్ని మోస్తుంది. తిరగాల్సి వస్తే లోయ వెడల్పంతా చేతిలో ఉంటుంది. ఎదురుగాలిలోకి తిరగడం వల్ల నేల మీద మలుపు వెడల్పూ తగ్గుతుంది.

గట్టు దాటి దిగే గాలి

నది బండను దాటి ఎలా దూకుతుందో గాలీ గట్టును దాటి అలాగే దూకుతుంది. 30 నాట్ల గాలి అంటే నిమిషానికి 3,000 అడుగులు ముందుకు పోయే గాలి. మూడడుగులకు ఒకడుగు చొప్పున వాలిన కొండ వెంట అది దిగితే, నిమిషానికి వెయ్యి అడుగుల చొప్పున కిందికి పడుతున్నట్టు. దానికి ఎదురు 300 అడుగులు ఎక్కగల విమానం ఏమీ చేయలేదు. పూర్తి పవర్ ఇచ్చి ముక్కు పైకెత్తినా నేల దగ్గరవుతూనే ఉంటుంది. ఎత్తు పోతోందని ఇంకా లాగితే వేగం పోతుంది, ఆ తర్వాత స్టాల్. అక్కడ చేయాల్సింది వేగం నిలుపుకుని, గట్టు నుంచి పక్కకు తిరిగి, పల్లపు నేల వైపు పోవడం.

గట్టును ఎదురుగా కాకుండా 45 డిగ్రీల ఏటవాలుగా సమీపించమనేది ఇందుకే. దాటలేనని తెలిస్తే ఇంకో 45 డిగ్రీలు తిరిగితే గట్టుకు సమాంతరంగా వచ్చేయొచ్చు, ఎదురుగా పోతే 90 తిరగాలి. గట్టు మీద కనీసం 1,000 అడుగులు, గాలి ఉంటే 2,000 అడుగుల ఎడం ఉంచుకోవాలి. గట్టు ఎత్తున గాలి 25 నాట్లు దాటితే చిన్న విమానాన్ని అసలు బయటికి తీయకపోవడమే మేలు. శిఖరం పక్కన కదలకుండా నిలిచిన పప్పుబద్ద ఆకారపు మబ్బు చూడ్డానికి అందంగా ఉంటుంది. దాని కింద గాలి సుడులు తిరుగుతోందని పైలట్ చదువుకోవాలి.

కాళీగండకి లోయకు మరో గుణం ఉంది. ఎండెక్కేకొద్దీ ఉత్తరాన టిబెట్ పీఠభూమి వేడెక్కి కింది గాలిని లోయ గుండా పైకి పీలుస్తుంది. మధ్యాహ్నానికి జోమ్‌సోమ్‌లో అది భీకరంగా వీస్తుంది. అందుకే విమానాలన్నీ పొద్దున్నే. పొద్దున్నేమో గట్ల మీద మబ్బు ఇంకా విడిపోదు. మబ్బు తొలగేదాకా ఆగితే గాలి లేస్తుంది. ఆ రెండింటి మధ్య దొరికే కొద్ది గంటల్లోనే రోజు మొత్తం ప్రయాణాలు ముగించాలన్న ఒత్తిడి ఉంటుంది. ‘కాస్త పలచబడింది, పోదాం’ అన్న తొందర పుట్టేది ఆ ఒత్తిడిలోనే.

మబ్బులోపల

నేల కనిపించనప్పుడు చెవిలోని సమతౌల్య అవయవం అబద్ధం చెబుతుంది. మెల్లగా మొదలైన వంపును అది పసిగట్టదు. 1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పరికరాలను చూసి ఎగరడంలో శిక్షణ లేని 20 మందిని నిజమైన విమానంలోనే, బయట ఏమీ కనిపించకుండా చేసి నడపమన్నారు. ఇరవై మందీ అదుపు కోల్పోయారు. సగటున పట్టిన సమయం 178 సెకన్లు. ఒకరికైతే 20 సెకన్లే.

పరికరాల సాయంతో ఎగరడం వచ్చినవారికి అదుపు తప్పకపోవచ్చు, కానీ కొండ ఎక్కడుందో కనిపించదు. కళ్లతో చూస్తూ ఎగరడానికి నిబంధన 10,000 అడుగుల లోపు 5 కిలోమీటర్లు, ఆ పైన 8 కిలోమీటర్ల చూపు. మబ్బుకు పక్కకు 1,500 మీటర్లు, నిలువుగా 1,000 అడుగుల ఎడం. 120 నాట్ల విమానం 5 కిలోమీటర్లను 81 సెకన్లలో దాటేస్తుంది. అంటే ఆ కనీస నిబంధన కూడా ఉదారమైనదేమీ కాదు. నేల దగ్గరవుతోందని అరిచే హెచ్చరిక యంత్రం ఇలాంటి దారుల్లో రోజూ అరుస్తూనే ఉంటుంది, ఎందుకంటే రోజూ కొండ పక్కనుంచే పోవాలి. అలవాటైన చెవికి నిజమైన హెచ్చరిక ఏదో తెలియకుండా పోతుంది. యంత్రం ఉందన్న ధీమా కంటే మబ్బులోకి పోనన్న నియమమే గట్టిది.

చలికాలంలో ఎత్తు చూపే మీటరూ మోసం చేస్తుంది. చలిగాలి కుంచించుకుపోతుంది కాబట్టి ప్రామాణికం కంటే ప్రతి 10 డిగ్రీల తక్కువకూ దాదాపు 4 శాతం తేడా వస్తుంది. మీటరును సరిచేసుకోవడానికి గాలి ఒత్తిడి అంకె ఇచ్చిన నేల మీది స్టేషన్ కంటే 10,000 అడుగులు పైన ఉన్నానని మీటరు చూపిస్తుంటే, గాలి 20 డిగ్రీలు చల్లగా ఉన్నప్పుడు విమానం నిజానికి 800 అడుగులు కిందే ఉంటుంది. పైన చెప్పిన వెయ్యి అడుగుల ఎడంలో మిగిలేది 200.

రెక్కకు పట్టే మంచు

తెలుగులో మంచు ఒకటే మాట. పొద్దున్నే కళ్లకు అడ్డుపడేదీ, లంబసింగిలో చలిరాత్రి గడ్డి మీద గట్టిపడేదీ, హిమాలయాల మీద పేరుకునేదీ మనకు మంచే. విమానం విషయంలో వీటిని విడదీసి చూడాలి. ఆకాశం నుంచి పొడిగా రాలే మంచు సాధారణంగా రెక్కకు అంటుకోదు. అంటుకునేది మబ్బులోని నీరు. సున్నా కంటే చల్లబడినా ఆ నీటి బిందువులు గడ్డకట్టకుండా ద్రవంగానే తేలుతుంటాయి. ఆనుకోవడానికి ఏదో ఒకటి దొరికేదాకా అలాగే ఉంటాయి. ఆ దొరికేది రెక్క అంచు.

సున్నా నుంచి మైనస్ 10 డిగ్రీల మధ్య పెద్ద బిందువులు తగిలితే వెంటనే గడ్డకట్టవు. కొంచెం వెనక్కి పారి, గాజులా గట్టిగా, నున్నగా పరుచుకుంటాయి. ఇదే ఎక్కువ ప్రమాదం. కనిపించడం కష్టం, ఊడదీయడం ఇంకా కష్టం. ఇంకా చలిలో చిన్న బిందువులు తగిలినచోటే గడ్డకట్టి తెల్లగా, గరుకుగా, ఉప్పు పేరుకున్నట్టు కనిపిస్తాయి. మైనస్ 20 కంటే చలి ఎక్కువైతే మబ్బులో ద్రవరూపంలోని నీరు తగ్గిపోతుంది కాబట్టి బెడదా తగ్గుతుంది.

పోఖరాలో జనవరి ఉదయం 10 డిగ్రీలు అనుకుందాం. వెయ్యి అడుగులకు 2 డిగ్రీల చొప్పున తగ్గితే 7,700 అడుగుల దగ్గర సున్నా. ఘోరేపానీ ఊరి నేలే 9,000 అడుగులు దాటి ఉంది. అంటే ఆ గట్టు మీద మబ్బు ఉంటే అది మంచు పట్టించే మబ్బే. కిందికి దిగి వెచ్చబడదామంటే 7,700 అడుగులు అక్కడ నేల లోపల ఉంది. మే నెలలో 22 డిగ్రీలు ఉంటే సున్నా గీత 13,700కు పోతుంది. దారి ఎత్తుకు అదీ ఎంతో దూరం కాదు.

మంచు బరువుకు విమానం పడిపోతుందనేది చాలామంది అనుకునే మాట. బరువు చిన్న సమస్య. ఆకారం చెడటం పెద్ద సమస్య. ముతక గరుకు కాగితమంత మందం, గరుకుదనం ఉన్న మంచు పొర రెక్క ముందుభాగం మీద పడితే చాలు, లిఫ్ట్ (పైకి మోసే బలం) 30 శాతం దాకా తగ్గి, డ్రాగ్ (వెనక్కి లాగే గాలి నిరోధం) 40 శాతం దాకా పెరగొచ్చు. స్టాల్ హెచ్చరిక హారన్‌ను శుభ్రమైన రెక్కకు సరిపోయేలా అమర్చారు. మంచు పట్టిన రెక్క అంతకంటే ఎక్కువ వేగంలోనే స్టాల్ అవుతుంది కాబట్టి హెచ్చరిక రాకముందే పట్టు జారుతుంది. ప్రొపెల్లర్‌కు పడితే తోపుడు తగ్గుతుంది, ముక్కలు ఊడి ఒకవైపు తేలికై గడగడ వణుకుతుంది.

వేగం కొలిచే పిటో గొట్టం ముందు రంధ్రం, నీరు కారే రంధ్రం రెండూ మూసుకుపోతే వేగం మీటరు ఎత్తు మీటరులా పనిచేస్తుంది. పైకెక్కుతుంటే వేగం పెరుగుతున్నట్టు చూపిస్తుంది. దాన్ని నమ్మి ముక్కు ఇంకా ఎత్తితే అసలు వేగం పోయి స్టాల్. ఉష్ణోగ్రత 5 డిగ్రీలకు దిగి మబ్బో వానో ఎదురైతే, మంచు కనిపించేదాకా ఆగకుండా పిటో హీటర్ వేసేయాలి. అది వేడెక్కుతోందో లేదో బయల్దేరే ముందే చేత్తో తాకి చూడాలి. ఆ అరనిమిషం పని మానేసేవారు తక్కువేమీ లేరు.

తోక రెక్క సన్నగా ఉంటుంది కాబట్టి మంచు దానికే ముందు, ఎక్కువగా పడుతుంది. పైలట్‌కేమో అది కనిపించదు. దిగడానికి ఫ్లాప్స్ (రెక్క వెనక అంచున కిందికి వంగే పలకలు) దించగానే తోక మీద భారం పెరిగి, తోక స్టాల్ అయ్యి ముక్కు ఒక్కసారిగా కిందికి పడొచ్చు. దాని నుంచి బయటపడే పద్ధతి రెక్క స్టాల్‌కు పూర్తిగా తలకిందులు. రెక్క స్టాల్ అయితే యోక్‌ను (పైలట్ చేతిలోని నడిపే చక్రాన్ని) ముందుకు నెట్టి పవర్ పెంచాలి. తోక స్టాల్ అయితే యోక్ వెనక్కి లాగి, ఫ్లాప్స్ తిరిగి పైకి తీయాలి. పొరబడితే ప్రాణమే పోతుంది. ఫ్లాప్స్ దించిన మరుక్షణం వచ్చిందా, వణుకు యోక్‌లో ఉందా విమానం ఒళ్లంతా ఉందా అన్నవి గుర్తులు. అయితే ఎక్కువగా జరిగేది రెక్క స్టాలే అని మరవకూడదు. 2009 ఫిబ్రవరి 12న అమెరికాలో బఫెలో దగ్గర కోల్గన్ 3407 విమానానికి కొంత మంచు పట్టింది గానీ అది ఎగరగలిగే స్థితిలోనే ఉంది. వేగం తగ్గడం చూసుకోలేదు, హెచ్చరికగా యోక్ వణకగానే కెప్టెన్ ముందుకు నెట్టాల్సింది పోయి వెనక్కి లాగాడు. 50 మంది చనిపోయారు.

మంచును వదిలించే ఏర్పాట్లలో చిన్న విమానాలకు ఎక్కువగా ఉండేవి రెక్క అంచున రబ్బరు తొడుగులు. గాలి నింపితే ఉబ్బి మంచును పగలగొడతాయి. తొందరపడి ఉబ్బిస్తే పైన మంచు గుల్లలా నిలిచిపోతుందని, కొంత మందం వచ్చేదాకా ఆగాలని పాతతరం నేర్పింది. నేటి తొడుగుల విషయంలో ఆ భయం అనవసరం. మంచు మొదటి జాడ కనపడగానే వేయడమే ఇప్పటి పద్ధతి. రబ్బరు ఎండకు బీటలు వారిందా, చిల్లులున్నాయా అని బయల్దేరే ముందు చూడాలి. టైటానియం రేకుకు వెంట్రుకవాసి రంధ్రాలు చేసి గ్లైకాల్ ద్రవాన్ని ఊరించే పద్ధతి ఇంకొకటి. అది బాగా పనిచేస్తుంది, కానీ ట్యాంకులో ద్రవం ఉన్నంతసేపే.

ఈ ఏర్పాట్లకూ హద్దుంది. 1994 అక్టోబర్ 31న ఇండియానాలో రోజ్‌లాన్ దగ్గర ఏటీఆర్ 72 కూలి 68 మంది మరణించారు. ఆరోజు మబ్బులో బిందువులు మామూలు కంటే పెద్దవి. అవి రబ్బరు తొడుగును దాటి వెనక్కి పారి అక్కడ గట్టులా కట్టాయి. ఏలరాన్ (విమానాన్ని పక్కకు వంచే రెక్క పలక) తనంతట తాను ఒక పక్కకు తిరిగిపోయింది. అప్పటిదాకా విమానం ఆటోపైలట్ మీద ఉంది. పెరుగుతున్న ఇబ్బందిని పైలట్ చేతికి తెలియకుండా ఆటోపైలట్ మోస్తూ వచ్చి, మోయలేనప్పుడు ఒక్కసారిగా వదిలేసింది. మంచు పడుతుంటే ఆటోపైలట్ తీసేసి చేత్తో నడపమనేది అందుకే.

మంచు మొదలైతే ఏం చేయాలన్నది చెప్పడం తేలికే. పరిచినట్టుండే మబ్బుల్లో మంచు పట్టే పొర మందం సాధారణంగా 3,000 అడుగుల లోపే కాబట్టి పైకో కిందికో మారాలి, లేదా వచ్చిన దారినే వెనక్కి పోవాలి. మంచు లేదని తెలిసిన చోటు అదొక్కటే. మెల్లగా, తక్కువ వంపుతో తిరగాలి. దిగేటప్పుడు వేగం ఎక్కువ ఉంచి, ఫ్లాప్స్ తక్కువ వాడాలి. ఈ చివరి మాటను లుక్లాకు పట్టుకెళ్లి చూడండి. అక్కడి రన్‌వే పొడవు 527 మీటర్లు, ఎత్తు 9,300 అడుగులు పైన, వాలు దాదాపు 12 శాతం. చివర కొండగోడ. ఒకసారి దగ్గరికొచ్చాక దిగి తీరాలి, మళ్లీ లేచి చుట్టి రావడం లేదు. ఎక్కువ వేగంతో దిగడానికి చోటేది? 2008 అక్టోబర్ 8న అక్కడ దిగుతున్న ట్విన్ ఆటర్‌కు చివరి క్షణాల్లో పొగమంచు అడ్డొచ్చింది. 18 మంది చనిపోగా కెప్టెన్ ఒక్కడే బతికాడు.

చలి లేనిచోట పట్టే మంచు

ఇదంతా హిమాలయాల సంగతి అనుకోనక్కర్లేదు. కార్బొరేటర్ (గాలినీ పెట్రోలునూ కలిపే భాగం) ఉన్న ఇంజన్‌కు వానాకాలం హైదరాబాద్‌లోనూ మంచు పట్టొచ్చు. సన్నటి గొంతులోంచి గాలి దూకడం, పెట్రోలు ఆవిరవడం రెండూ కలిసి లోపలి ఉష్ణోగ్రతను 20 డిగ్రీలకు మించి పడేయగలవు. బయట 20 డిగ్రీలు, తేమ 80 శాతం పైన ఉంటే లోపల గడ్డకట్టడానికి అంతకంటే అనుకూలం ఉండదు. దిగడానికి థ్రాటిల్ తగ్గించినప్పుడు ఇంకా ఎక్కువ. కోణం మారని స్థిర ప్రొపెల్లర్ ఉంటే ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) మెల్లగా పడుతుంది. కార్బ్ హీట్ (కార్బొరేటర్‌కు వేడి గాలి పంపే మీట) పూర్తిగా లాగాలి, సగం లాగకూడదు. లాగగానే ఇంజన్ ఇంకా మొరాయిస్తుంది, కరిగిన నీరు మింగుతుంది కాబట్టి. భయపడి హీట్ తీసేస్తే ఉన్న ఆశా పోతుంది. ఓపిక పడితే ఆర్‌పీఎం తిరిగి లేస్తుంది.

కొండలు ఎత్తయినవే కావాలనీ లేదు. 2009 సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి సహా ఐదుగురు ఉన్న బెల్ 430 హెలికాప్టర్ నల్లమలలో కూలింది. నల్లమల శిఖరాలు మూడు వేల అడుగుల స్థాయివి. రుతుపవనాల మేఘం, దాని కింద బలమైన దిగుగాలి, అదే సమయంలో గేర్‌బాక్స్ ఆయిల్ ఒత్తిడి సమస్యకు చెక్‌లిస్టులో పరిష్కారం వెతుకుతూ పైలట్ల దృష్టి నిమిషాల తరబడి మళ్లడం; విచారణ కమిటీ చూపిన కారణాలు ఇవి. ఒక్కొక్కటిగా వస్తే తట్టుకోగలిగినవే. తెలుగువాళ్లు వేలాదిగా వెళ్లే కేదార్‌నాథ్ లోయలో 2022 అక్టోబర్ 18న ఒక బెల్ 407, 2025 జూన్ 15న మరో బెల్ 407 కూలాయి. రెండింటిలోనూ ఏడుగురేసి చనిపోయారు. రెండుసార్లూ లోయలో చూపు సరిగా లేదు.

ఇలాంటి దారుల్లో మంచి నిర్ణయాలు నేల మీదే జరగాలి. ఏ ఊరి దగ్గర, ఎంత ఎత్తులో, గట్టు అవతలి పక్క కనిపించకపోతే వెనక్కి తిరగాలో కాగితం మీద రాసుకుని బయల్దేరాలి. అక్కడికి చేరాక ఆలోచిద్దామంటే అప్పటికే ఆ 800 మీటర్లు ఖర్చయిపోతాయి. ప్రయాణికుల ఒత్తిడి పైలట్ మీద పడకుండా సంస్థలు చూడాలి. వెనక్కి వచ్చిన పైలట్‌ను ప్రశ్నించే సంస్థలో ఎంత ఖరీదైన పరికరం పెట్టినా దండగే.

గట్టు అవతలి పక్క ఎలా ఉందో కింద ఉన్నవారికి చూపించడం సాధ్యమే. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ అలాస్కా కనుమల్లో, మారుమూల రన్‌వేల దగ్గర రెండు వందలకు పైగా కెమెరాలు పెట్టింది. పది నిమిషాలకొకసారి ఫొటో మారుతుంది. ఇదే చోటు తేటగా ఉన్నప్పుడు ఎలా కనిపిస్తుందో పక్కనే ఇంకో ఫొటో ఉంటుంది. దాని మీద ఏ శిఖరం ఎంత ఎత్తో, ఎంత దూరమో రాసి ఉంటుంది. పైలట్ ఇంజన్ వేయకముందే రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూస్తాడు. కొండ కొన మబ్బులో కలిసిపోయి ఉంటే ఆరోజు ప్రయాణం అక్కడితో ఆగుతుంది. ఘోరేపానీ గట్టు మీద గానీ, కేదార్ లోయ మలుపుల దగ్గర గానీ ఇలాంటి కెమెరాలు నిలబెట్టడానికి అయ్యే ఖర్చు ఒక్క హెలికాప్టర్ ధరలో చిన్న భాగం.